నాలుగు చక్రాలూ లాగితే

విశాఖ కొండల్లో పాత జీపు ఇంకా కూలికి పోతోంది. అందుకే ఇంకా బతికుంది.

బొర్రా గుహల్లోంచి మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుంటూ బయటికొచ్చేసరికి జీపులవాళ్లు ఎదురొస్తారు. "కటికి ఎల్తారా బాబూ? జలపాతం బాగుంటాది." వాళ్ల వెనక వరసగా ఆగి ఉన్న బండ్లు చూస్తే ధైర్యం సన్నగిల్లుతుంది. ఒకదానికి తలుపుల్లేవు. ఇంకోదాని ముందద్దం మీద పగులు ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది. రంగు ఫలానా అని చెప్పడానికి లేదు, ఎర్రదుమ్ము కింద ఏదో ఉందంతే. విశాఖపట్నం నుంచి దాదాపు తొంభై కిలోమీటర్లు ఏసీ కారులో సుఖంగా వచ్చిన కుటుంబాలు ఆ కారుని చెట్టు కింద వదిలేసి, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఈ పాత ఇనుములోకి ఎక్కుతాయి. కటికి దారిలో ఆ కారు సాగదు మరి. రైలు పట్టాలు దాటి, బండరాళ్ల మీదుగా, వానకి కోసుకుపోయిన గాడిలో ఒక చక్రం, గట్టు మీద ఒక చక్రం వేసుకుంటూ జీపు పోతుంది. చివర కాస్త దూరం నడవాలి.

డ్రైవరు చాలాసార్లు ఆ చుట్టుపక్కల ఊళ్ల గిరిజన కుర్రాడే. జలపాతం సంగతి తర్వాత, ముందు అతని చేతులు చూడండి. పాత బండి అలవాటున్నవాడు స్టీరింగుని పిడికిలి బిగించి పట్టుకోడు. బొటనవేళ్లు లోపలికి చుట్టకుండా అంచు మీదే ఆనించి ఉంచుతాడు. పవర్ స్టీరింగ్ లేని జీపులో ముందు చక్రం రాయికి తగిలితే ఆ దెబ్బ నేరుగా స్టీరింగ్ దాకా వస్తుంది. అది ఒక్కసారిగా గిర్రున తిరిగితే, లోపల చిక్కుకున్న బొటనవేలు విరుగుతుంది. డ్రైవింగ్ స్కూళ్లలో ఈ పాఠం చెప్పరు. చెప్పాల్సిన అవసరమూ పోయింది, కొత్త బండ్లలో ఆ దెబ్బ చేతిదాకా రాదు.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనడం ఇప్పుడు నగరాల్లో ఒక సరదా. తుప్పు గీకి, రంగు వేయించి, లావుపాటి టైర్లు తొడిగి, ఆదివారం బురదలో దింపి ఫొటోలు తీసుకోవడం. హైదరాబాదులో, బెంగళూరులో, పంజాబు పట్టణాల్లో ఇదే తంతు. విశాఖలోనూ ఆ ముచ్చట ఉన్నవాళ్లు తక్కువేం కాదు. కాకపోతే ఇక్కడ ఇంకో సంగతి ఉంది. సముద్రపు ఒడ్డు నుంచి మూడు గంటలు ప్రయాణం చేస్తే వెయ్యి మీటర్ల ఎత్తున్న తూర్పు కనుమల్లో ఉంటాం. అక్కడ జీపు ఇప్పటికీ పనిముట్టు. వారపు సంతకి మనుషుల్నీ, పిప్పళ్ల మూటల్నీ, అల్లాన్నీ, రాజ్‌మానీ, అడ్డాకుల కట్టల్నీ దింపుతుంది. తిరుగు ప్రయాణంలో ఉప్పు బస్తాలు, సిమెంటు, ఇంటి కప్పుకి రేకులు ఎక్కించుకుంటుంది. పనిముట్టు తిరుగుతున్నంత కాలం దానికి మరమ్మతు చేసే మేస్త్రి ఉంటాడు, అంగట్లో సామాను ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో ముచ్చటగా జీపు తిప్పే ఆసామి కూడా ఆ మేస్త్రి మీద, ఆ సామాను మీదే బతుకుతున్నాడు. పాడేరు సంత జీపుకీ తన జీపుకీ చుట్టరికం ఉందని చాలామంది గమనించరు.

యుద్ధం నుంచి తహసీల్దారు ఆఫీసుకి

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం కోసం జీపులు చేస్తున్నాయి. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి చేసినవి ఆరు లక్షల పైచిలుకు. రెండు లీటర్లకి కాస్త పైన ఉండే పెట్రోలు ఇంజను, అరవై గుర్రాల శక్తి, దాదాపు టన్ను బరువు. అవసరమైతే సిపాయిలు చేతులతో పట్టుకుని గుంటలోంచి లేపగలిగేంత తేలిక.

1945లో ఉక్కు వ్యాపారం కోసం మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి ఒక కంపెనీ పెట్టారు. పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశవిభజన తర్వాత మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ మిగిలినవాళ్లు 1949లో బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. అటుపైన మనకి బాగా తెలిసిన సీజే త్రీబీ వచ్చింది. బానెట్ పెట్టెలా ఎత్తుగా ఉండే జీపు అదే. ఇన్‌టేక్ వాల్వులు పైకి జరిపిన కొత్త ఇంజను పాత బానెట్ కింద పట్టలేదు. బానెట్ లేపక తప్పలేదు, అందం ఎవరూ చూడలేదు. తహసీల్దారూ, సర్కిల్ ఇనస్పెక్టరూ, మలేరియా మందు కొట్టేవాళ్లూ, పాత తెలుగు సినిమాల్లో ఆఖరి సీనుకి వచ్చే పోలీసులూ దిగింది ఆ బానెట్ వెనక నుంచే.

పెట్రోలు ఖర్చు భరించలేక జనం జీపుల్లో డీజిలు ఇంజన్లు దించారు. కంపెనీ కూడా అదే దారి పట్టింది. 1980ల నడుమ వచ్చిన ఎంఎం 540లో ఫ్రాన్సువాళ్ల ప్యూజో డిజైను డీజిలు ఇంజను, 2112 సీసీ. బలం పెద్దగా లేకపోయినా మొండిది. ఈనాటికీ విశాఖ చుట్టుపక్కల ఎవరైనా 'ఫోర్ బై ఫోర్ జీపు అమ్మకానికుంది' అంటే ముందుగా తలపుకొచ్చే బండ్లలో ఇదొకటి. 1985 చివర్లో మారుతి జిప్సీ వచ్చింది. చిన్న పెట్రోలు ఇంజను, తక్కువ బరువు. బురదలో జీపు కూరుకుపోయే చోట అది పైపైన జారుకుపోతుంది. సైన్యం వేల సంఖ్యలో కొన్నది. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో 1969 నుంచి చేసిన జోంగా కూడా ఒకటుంది. నిస్సాన్ డిజైను, ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. దాన్ని కొన్నవాళ్లని చూస్తే గౌరవమే. పెట్రోలు బంకువాళ్లకి ఇంకా ఎక్కువ గౌరవం.

వేలంపాట బండ్లు

విశాఖ పక్కా ప్రభుత్వరంగ పట్టణం. 1933లో ప్రారంభమైన పోర్టు, నౌకాదళం, షిప్‌యార్డు, రిఫైనరీ, రైల్వే డివిజను, ఆపైన స్టీల్ ప్లాంటు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. మధ్యలో ఇరవయ్యొక్కేళ్లు. అంత కాలం నేల చదును చేసుకుంటూ కట్టిన చోట ఆఫీసరు తిరగాలంటే జీపు కావాల్సిందే. ఈ సంస్థలన్నీ, రాష్ట్ర ప్రభుత్వ శాఖలూ పాతబడ్డ బండ్లని వేలం వేసేవి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ చేసే వ్యాపారమే ఇలాంటి పాత ఇనుము అమ్మిపెట్టడం. మొదట హాల్లో పాట, తర్వాత కంప్యూటర్లో పాట. లాటులో కొన్న బండి గాజువాక ఆటోనగర్‌కి క్రేను మీద వచ్చేది. ఇంజను పీకి ఇంకోటి దించి, కాగితాలు చేయించుకుని, పైకి ఏజెన్సీకి పంపేవాళ్లు కొందరు, ఇంటిముందు పెట్టుకుని మురిసేవాళ్లు కొందరు.

ఆ దారి దాదాపు మూసుకుపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషను పొడిగించడం లేదు. కేంద్రానివైనా, రాష్ట్రానివైనా, ప్రభుత్వరంగ సంస్థలవైనా ఒకటే లెక్క. రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక వాహనాలకి మాత్రం మినహాయింపు. మిగతావి నమోదైన స్క్రాపింగ్ కేంద్రానికి పోయి నుజ్జు కావాల్సిందే. పొగ తగ్గించాలన్నది ఉద్దేశం. దాన్ని కాదనలేం. కానీ దశాబ్దాలుగా పాత జీపుల ఊట ఆ వేలంపాటల్లోనే ఉండేది. ఇక మిగిలింది ఇప్పటికే ప్రైవేటు చేతుల్లో ఉన్న బండ్లు, వాటి ధరలు. ధరల సంగతి అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

కొనబోయేవాళ్లకి మేస్త్రులు వేసే మొదటి ప్రశ్న ఇంజను గురించి కాదు. "కింద పడుకుని చూశారా బాబూ?" విశాఖలో ఇది మరీ ముఖ్యం. ఉప్పుగాలికి ముందు పోయేది ఛాసిస్. పైన కొత్త రంగు నిగనిగలాడుతుంది, లోపల పెట్టెలా మూసుకున్న ఛాసిస్ కడ్డీలో ఏళ్ల తరబడి చేరిన మట్టి చెమ్మని పట్టి ఉంచుతుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డొల్లగా పలుకుతుంది. కమాన్ పట్టీలు బిగించే కొక్కేల దగ్గర, స్టీరింగ్ బాక్సు కూర్చునే చోట ఈ డొల్ల చప్పుడు వినిపిస్తే బేరం అక్కడే ఆపేయాలి. ఇంజను మార్చుకోవచ్చు. నంబరు కొట్టి ఉన్న ఛాసిస్‌ని మార్చలేరు, మారిస్తే అది కాగితాల్లో ఉన్న బండి కాకుండా పోతుంది.

చిత్రమేమిటంటే, ఈ ఉక్కునగరం జీపు బాడీకి కావలసిన ఉక్కు చేయదు. విశాఖ స్టీల్ ప్లాంటు చేసేవి కడ్డీలు, తీగ చుట్టలు, యాంగిళ్లు, చానెళ్లు. పలకలుగా సాగదీసే రేకు ఉక్కు ఇక్కడి ఉత్పత్తి కాదు. మడ్‌గార్డు వేయాలన్నా, ఫ్లోరు మార్చాలన్నా రేకు వేరే ఊళ్ల నుంచి రావాలి. బంపరుకి చానెల్, సీటు ఫ్రేముకి యాంగిల్ అయితే దండిగా దొరుకుతాయి. మన దగ్గర పాత జీపుల బంపర్లు అంత మోటుగా ఉండటానికి ఇదీ ఒక కారణమేమో.

బీచ్‌కి తీసుకెళ్లిన ప్రతిసారీ బండి అడుగుభాగం మంచినీళ్లతో కడగాలి. కాలిన ఆయిలు పూయడం పాతకాలపు చిట్కా. తుప్పుని కొంత ఆపుతుంది, రబ్బరు బుష్షుల్ని తినేస్తుంది, కారి నేలపాలవుతుంది. మైనం కలిపిన పూత అంగట్లో దొరుకుతుంది, అదే మేలు.

గేరు, బ్రేకు, ఒక రాయి

ఇప్పుడొక రహస్యం. ఏజెన్సీలో జనాన్ని వేలాడదీసుకుని తిరిగే మహీంద్రా కమాండర్ జీపుల్లో చాలావాటికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. మరి ఆ ఎత్తులెలా ఎక్కుతాయి? మనుషుల వల్లే. వెనక బెంచీల మీద కూర్చున్నవాళ్లు, వెనక మెట్టు మీద నిలబడ్డవాళ్లు, మూటలు, అన్నీ కలిపి బరువంతా వెనక చక్రాల మీద పడి టైరు నేలని పట్టుకుంటుంది. అదే జీపు ఖాళీగా వస్తే వానాకాలం మలుపులో జారుతుంది. దీన్ని సరదాగా చెప్పుకోవడం కష్టం, ఎందుకంటే పట్టు ఇచ్చే ఆ బరువే లోయ పక్కన బండిని తిరగేస్తుంది. కిక్కిరిసిన జీపుల ప్రమాదాలు మన్యం వార్తలు చదివేవాళ్లకి కొత్త కాదు.

ఫోర్ వీల్ ఉన్న బండిలో గేర్ బాక్సు వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. ఇంజను శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె. దాని పక్కన రెండో కడ్డీ. పాత జీపులో లో గేరు వేస్తే చక్రాలు దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిస్తాయి, అంత మేరా లాగే బలం పెరుగుతుంది. మనిషి నడిచే వేగం కంటే తక్కువలో, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా, బండి తనంతట తానే రాయెక్కుతుంది. కొత్తగా కొన్నవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు. ఎక్కడానికి వేగం కావాలనుకుని దూకిస్తారు, కమాన్ పట్టీ విరగ్గొట్టుకుంటారు.

అయితే నాలుగు చక్రాలూ లాగుతాయన్న మాట పూర్తిగా నిజం కాదు. ఇరుసు మధ్య ఉండే క్రౌన్ పెట్టెలోని డిఫరెన్షియల్, రెండు చక్రాల్లో సులువుగా తిరిగేదానికే తిప్పుడంతా వదిలేస్తుంది. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లోకి లేచాయంటే ఆ రెండూ గిరగిరా తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. కొత్త బండిలో కంప్యూటరు బ్రేకు వేసి దీన్ని సరిచేస్తుంది. పాత బండిలో ఆ కంప్యూటరు మీ ఎడమకాలే. యాక్సిలరేటర్ వదలకుండా బ్రేకుని కొద్దిగా అదిమితే గాల్లో తిరిగే చక్రానికి అడ్డు తగిలి, కొంత బలం నేల మీది చక్రానికి పోతుంది. అందరికీ ఒకేసారి పట్టుబడే విద్య కాదు.

తారురోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేసి తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. పాత జీపులో ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ ఒకే వేగంతో కట్టేస్తాం కాబట్టి ఆ తేడా ఎక్కడా సర్దుకోదు. మట్టి మీదైతే టైరు జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద ఆ బిగువంతా షాఫ్టుల్లో, పళ్లలో చేరుతుంది. కడ్డీ వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం మొదటి లక్షణం. అనంతగిరి ఘాట్ అంతా ఫోర్ వీల్‌లో ఎక్కామని గొప్పగా చెప్పుకునేవాళ్లు కనిపిస్తుంటారు. ఆ గొప్ప ఖరీదు తర్వాత మేస్త్రి చెప్తాడు.

దిగుడు ఎక్కుడు కంటే కష్టం. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులున్న బండి వంట్లమామిడి నుంచి పాడేరు పోయే ఘాట్‌లోనో, లంబసింగి ఘాట్‌లోనో అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ములు కాలిపోయి పట్టు వదిలేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత లెక్క. డీజిలు ఇంజను బిగువే బండిని పట్టి ఉంచుతుంది. వాగు దాటాక కాసేపు బ్రేకుని నెమ్మదిగా అదుముతూ నడిపి డ్రమ్ములు ఆరబెట్టాలి. ఇంటికొచ్చాక క్రౌన్ ఆయిలు ఒక చుక్క బయటికి తీసి చూడాలి. పాల రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, ఆయిలు మార్చకపోతే బేరింగులు పోతాయి. డీజిలు ఇంజనుకి నిప్పురవ్వతో పని లేదు కాబట్టి నీళ్లకి అంతగా భయపడదు. గాలి పీల్చే గొట్టం మునిగితే మాత్రం క్షణంలో కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

హ్యాండ్ బ్రేకు గురించి చెప్పకపోతే తప్పు. పాత జీపులో అది చక్రాలకి ఉండదు, వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉంటుంది. వెనక చక్రం పంక్చరై జాకీ వేసి లేపారనుకోండి. గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరిగితే నేల మీదున్నది రెండోవైపు తిరగ్గలదు. హ్యాండ్ బ్రేకు బిగించి ఉన్నా బండి జాకీ మీంచి దొర్లి పడుతుంది. అందుకే స్టెప్నీ తీసేముందు చక్రాల కింద రాళ్లు పెట్టాలి. ఫోర్ వీల్ వేసి ఉంచితే ఇంకా మంచిది, ముందు చక్రాలు కూడా బిగుసుకుంటాయి. జీపులో సీటు కింద ఎప్పుడూ ఒక రాయి దొర్లుతుంటే దాన్ని పారేయకండి.

ఎక్కడికి వెళ్లకూడదు

తూర్పు కనుమల్లో రాయి ఎక్కువగా ఖొండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరది. వానకీ ఎండకీ నాని, మెత్తబడి, ఎర్రటి జిగురుమట్టి అవుతుంది. ఎండాకాలంలో బూడిదలా లేస్తుంది, జూలైలో టైరు గ్రిప్పు నిండా పట్టేసి నున్నటి గుండు చేస్తుంది. వానల్లో ఆ దారుల మీద ఒకసారి లావు టైర్లు దున్నుకుంటూ పోతే ఆ గాడిలో నీరు పట్టి, రెండు మూడు వానలకి కాలువవుతుంది. ఆ దారి ఒక ఊరికి ఉన్న ఒకే దారి అయి ఉంటుంది. వారం తర్వాత అదే దారిలో ఎవరినో ఆసుపత్రికి దింపాలి. అరకు, పాడేరు చుట్టూ ఊళ్లలోకి వెళ్లే బండిబాటల్ని ఆటస్థలంగా చూడటం మీద నాకు ఎప్పుడూ అభ్యంతరమే. కార్తీకంలో వలిసె పూలు విరగబూసినప్పుడు ఫొటో కోసం చేలోకి జీపు దింపేవాళ్లని ఏమనాలో ఆ చేను రైతునే అడగండి.

నగరం పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యం, రిజర్వు అడవులు అనుమతి లేకుండా వెళ్లే చోట్లు కావు. విశాఖ నుంచి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వేల ఏళ్ల గాలీ నీరూ పోగుచేసిన ఇసుక అది, చక్రం కింద నిమిషంలో జారిపోతుంది. ఇసుకలో నడపాలంటే టైరు గాలి సగానికి తగ్గించాలని అందరూ నేర్పుతారు. శీతాకాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయని కూడా నేర్పాలి. చక్రం గాడి మనకి అరచేతి లోతు. గుడ్డులోంచి అప్పుడే బయటపడి నీటి వైపు పాకే పిల్లకి అది దాటలేని గోడ.

కాగితాల చిక్కు

ప్రైవేటు బండికి పదిహేనేళ్లు దాటితే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆరొందలున్న ఫీజు 2022లో ఐదు వేలైంది. ఇరవై ఏళ్లు దాటిన బండికి 2025లో పది వేలు చేశారు. యాభై ఏళ్లు దాటినవాటికి 2021లో వింటేజ్ నియమాలొచ్చాయి. 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు, ప్రదర్శనలకి, ర్యాలీలకి తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. పైగా బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. మన దగ్గర అసలైన పెట్రోలు ఇంజనుతో మిగిలిన విల్లీసులు ఎన్ని? బతకడానికి డీజిలు దించుకున్న జీపుకి వింటేజ్ గౌరవం అందదు. కష్టపడి పనిచేసిందే దాని నేరం.

కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం చట్టం ఒప్పుకోదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల తయారుచేయించిన సోకు జీపులు ఆన్‌లైన్లో చూసి మనసు పారేసుకునేవాళ్లు ముందు ఆర్‌సీలో ఏ ఇంజను నంబరుందో, బండిలో ఏ ఇంజనుందో సరిచూసుకోవాలి. రెండూ కలవకపోతే ఇన్సూరెన్సు కూడా పేరుకే.

దారి పడితే

మన్యంలో దారి ఎప్పుడూ వివాదమే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో వెట్టి చేయించాడు. ఆ కసి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడటానికి ఒక కారణం. వందేళ్ల తర్వాత ఆ ఘాట్‌లోనే మంచు చూడటానికి మనం జీపులేసుకుని పోతున్నాం. అప్పుడు దారి వేయించారని తిరుగుబాటు, ఇప్పుడు దారి వేయలేదని ధర్నా. నిండుచూలాలిని డోలీలో మోసుకొస్తున్న బొమ్మ పేపర్లో అచ్చవని ఏడాది లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' మొదలుపెట్టింది. గిరిజన గ్రామాల రోడ్లకి దాదాపు వెయ్యి కోట్లన్నారు. రాజమహేంద్రవరం నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి వెడల్పవుతోంది.

దారి నునుపైతే ఆఫ్‌రోడ్ ముచ్చట పోతుందని నిట్టూర్చేవాళ్లు కనిపిస్తారు. ఆ నిట్టూర్పు మీద నాకు జాలి లేదు. తారు పడిన ఊరికి ఆటోలూ బొలెరోలూ వస్తాయి, అంబులెన్సు వస్తుంది, జీపుకి పని తగ్గుతుంది. తగ్గాల్సిందే. కాకపోతే దాని వెంట ఇంకోటి పోతుంది, దాన్ని గురించి ఆలోచిస్తున్నవాళ్లు తక్కువ. ఆటోనగర్‌లో క్రౌన్, పినియన్ పళ్లకి రంగు పూసి, చేత్తో తిప్పి, ఆ రంగు ఏ పంటి మీద ఎక్కడ అంటుకుందో చూసి, సన్నని వాషరు ఒకటి తీసి ఇంకోటి వేసి, మళ్లీ తిప్పి చూసే మేస్త్రులున్నారు. పళ్ల మధ్య ఎంత సందుండాలో కొలిచే పరికరం లేకుండా వేళ్లతోనే చెప్తారు. వాళ్ల దగ్గర పనికి చేరే కుర్రాళ్లు ఇప్పుడు లాప్‌టాప్ తగిలించి లోపం చదివే షెడ్డు వైపు చూస్తున్నారు. వాళ్ల తప్పేం లేదు, జీతం అక్కడుంది. కొండ మీంచి పాత జీపులు మరమ్మతుకి దిగడం ఆగిపోయాక, నెలకో రెండు నెలలకో వచ్చే ముచ్చట బండి ఒక్కదాని కోసం ఆ షెడ్డు తెరిచి ఉండదు.

పాత ఫోర్ వీల్ కొందామనుకుంటున్నవాళ్లు ఆ మేస్త్రి పని మానేయకముందే బండి కింద విప్పించాల్సినవన్నీ విప్పించుకోవడం మంచిది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, రెండో గేరు పెట్టె, ముందు చక్రాల కింగ్‌పిన్‌లు. విప్పుతున్నంత సేపూ టీ తాగడానికి బయటికి పోకండి. పక్కనే నిలబడి ఏ వాషరు ఎంత మందమో, ఏ వైపు ఎన్ని పడ్డాయో, ఏ బేరింగు మీద ఏ నంబరుందో పుస్తకంలో రాసుకోండి. ఫోన్లో వీడియో తీసుకుంటామంటే మేస్త్రి వద్దనడు. "తియ్యండి బాబూ" అని చేతులు తుడుచుకుని, ఆ వాషరుని ఇంకోసారి వెలుగులోకి పట్టి చూపిస్తాడు.